లారీ ఇంజిన్ అరిగిపోతే బోరింగ్ చేయించాలా, వేరే ఇంజిన్ ఎక్కించాలా? ఏది మేలు?

పోయిన ఏడాది వానలు వెనకబట్టే రోజుల్లో మా టాటా 1613 లారీ లోడు మీద చిన్న మిట్ట ఎక్కాలన్నా గేరు మీద గేరు దించాల్సి వచ్చేది. దాచేపల్లి నుంచి సిమెంటు వేసుకుని గుంటూరు వస్తుంటే, వెనక బండ్లవాళ్లు నీలం పొగ తట్టుకోలేక హారన్ కొట్టుకుంటూ దాటిపోయేవాళ్లు. రెండు ట్రిప్పులకోసారి గేజు కడ్డీ తీసి చూస్తే ఆయిల్ కింది గీత కన్నా దిగువనే ఉండేది. డీజిల్ ఖర్చుకు ఆయిల్ ఖర్చు తోడైంది. ఇంకో మూడు నెలల్లో మిర్చి సీజను. అప్పుడు బండి నిలబడిందంటే ఏడాది సంపాదన పోయినట్టే.

నా ముందు మూడు దారులున్నాయి. సొంత ఇంజిన్ దించి బోరింగ్ చేయించడం (అంటే అరిగిన లోపలి సామాన్లు మార్చి సరిచేయించడం), ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొని ఎక్కించడం, లేదంటే కంపెనీ రీకండిషన్ చేసి ఇచ్చే ఇంజిన్ తీసుకుని పాతది వాళ్లకు అప్పగించడం. బండి ఉన్నపళంగా అమ్మేయమన్నవాళ్లూ ఉన్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను. బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ ఒళ్లు), క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) బాగున్నంత వరకు సొంత ఇంజిన్‌ను బోరింగ్ చేయించుకోవడమే మేలు. మన ఇంజిన్ ఎంత తిరిగిందో, ఎప్పుడు వేడెక్కిందో, ఏ ఆయిల్ తాగిందో మనకు తెలుసు. బయట కొనే ఇంజిన్‌కు రంగు తప్ప చరిత్ర కనపడదు.

పోయింది నిజంగా ఇంజినేనా?

ఏ దారి పట్టినా ముందు ఇది తేల్చుకోవాలి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోందని అర్థం. ఆ ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి వాటిలోంచే వస్తోందని మాత్రం రూఢి కాదు. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో సీలు పోయినా అదే పొగ వస్తుంది. నాకు తెలిసిన ఒకాయన ఇంజిన్ మొత్తం విప్పించాడు. చివరికి తప్పు టర్బోలో ఉందని తేలింది. టర్బో పైపు విప్పి లోపల ఆయిల్ తడి ఉందేమో చూడటం, షాఫ్టును వేలితో కదిపి ఎంత ఊగుతోందో చూడటం అరగంట పని. పొగ నల్లగా వస్తుంటే ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు, పంపు చూపించాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్లు కలుస్తున్నాయి. అది హెడ్ గ్యాస్కెట్ కావచ్చు, ఆయిల్ కూలర్ కావచ్చు, బ్లాకు పగులు కావచ్చు.

మా బండికి మేస్త్రీ ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత తీశాడు. లోపలి నుంచి పొగ గుప్పుగుప్పుమని తన్నుకొచ్చింది. బ్యాక్ కంప్రెషన్ అంటారే, అదే; రింగులు ఆపాల్సిన గ్యాసు కిందికి దిగిపోవడం. మూత అక్కడే వదులుగా పెడితే ఎగిరెగిరి పడింది. ఆ తర్వాత ఒక్కో సిలిండరుకు కంప్రెషన్ చూస్తే రెండింటిలో బాగా తక్కువ వచ్చింది. ఇక విప్పక తప్పలేదు.

హెడ్ తీశాక, “బాబాయ్, ఇటు వచ్చి గోరు పెట్టి చూడు” అన్నాడు మేస్త్రీ. లైనరు (పిస్టన్ ఆడే లోపలి గొట్టం) పైఅంచు కింద, పై రింగు ఆగే చోట, నా బొటనవేలి గోరు టక్కున మెట్టుకు తగిలినట్టు ఆగింది. రింగు తిరిగిన మేర ఇనుము అరిగిపోయి, తిరగని చోట గట్టులా మిగిలింది. ఇంజిన్ అరగడమంటే ఏమిటో నాకు ఆ గోటితోనే అర్థమైంది.

అసలు కారణం మరో చోట దొరికింది. ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు కింద పగిలి ఉంది. లోపల చూస్తే సిమెంటు దుమ్ము సన్నటి చారలా పేరుకుపోయింది. ఫిల్టరు దాటాక లోపలికి పోయే దుమ్ము లైనర్లకు గరుకు కాగితం లాంటిది. ఆ గొట్టం మార్చకుండా లక్షలు పోసి ఏ ఇంజిన్ ఎక్కించినా దాని గతి కూడా అంతే. ఇంజిన్ ఎందుకు పోయిందో తేలకుండా ఏ పనికీ అడ్వాన్స్ ఇవ్వకండి. వేడెక్కి పోయుంటే రేడియేటరు, థర్మోస్టాట్, ఆయిల్ కూలర్ తేలాలి.

సొంత ఇంజిన్ బోరింగ్

1613 లో ఉండేది 697 టర్బో ఇంజిన్. ఆరు సిలిండర్లు, 97 మి.మీ. బోరు, 5675 సీసీ. ఈ ఇంజిన్ లోపలి పని తెలియని లేత్ షాపు మన దగ్గర లేదంటే అతిశయోక్తి కాదు. సామాన్లు ప్రతి ఊళ్లో దొరుకుతాయి. బోరింగ్ వైపు మొగ్గడానికి ఇదొక పెద్ద కారణం.

క్రాంకు తీసి మైక్రోమీటరుతో కొలిపించాం. అప్పటివరకు ఒక్కసారి కూడా గ్రైండింగ్ కాని క్రాంకు అది. ఇది చాలా ముఖ్యం. గ్రైండింగ్ చేసిన కొద్దీ జర్నల్ (క్రాంకులో బేరింగు కూర్చునే చోటు) సన్నబడుతుంది, దానికి తగ్గట్టు 0.25, 0.50 మి.మీ. తక్కువ సైజు బేరింగులు వేసుకుంటూ పోవాలి. చివరి సైజుకు చేరిన క్రాంకుకు ఇక మళ్లీ చేసే పని ఉండదు. మాది మొదటి సైజుతో సరిపోయింది, క్రాక్ టెస్టులో కూడా నిలబడింది. అక్కడే నా నిర్ణయం అయిపోయింది.

లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు, హెడ్ ఫేసింగ్, వాల్వు సీట్లు, పంపు, ఇంజెక్టర్ల కాలిబ్రేషన్, మేస్త్రీ కూలి అన్నీ కలిపి నాకు దాదాపు లక్షా డెబ్బై వేలైంది. రోజులు పద్నాలుగు. నిలబడిన ఈ పద్నాలుగు రోజులను కూడా ఖర్చులో వేసుకోవాలి. మేం కిరాయిలు మందకొడిగా ఉన్న రోజుల్లో పెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. అదే ఫిబ్రవరిలో అయితే ఈ లెక్క తారుమారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. రింగులు ఒక్కటే మార్చి బండి పంపించేస్తానంటే ఒప్పుకోకండి. మెట్టుపడిన లైనరులో కొత్త రింగు సరిగ్గా కూర్చోదు. గ్యాస్కెట్లు, కూలి, ఆయిల్ ఖర్చు ఎలాగూ అవుతుంది. కొన్నాళ్లకే మళ్లీ అదే పొగ.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్

దీని బలమంతా వేగంలో ఉంది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పొద్దున బేరం కుదిరితే మూడు నాలుగు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది. నాకు లక్షా ముప్పై వేలు చెప్పారు, దించి ఎక్కించే ఖర్చు వేరే. బోరింగ్ కన్నా కొంచెం తక్కువే. ఆ కొంచెం కోసం ఎవరి ఇంజినో నమ్మాలి.

మా బావమరిది తన చిన్న బండి టాటా 407 కు ఇలాగే కొన్నాడు. పైన వెండి రంగు తళతళలాడింది, స్టార్టింగ్ కూడా బాగుంది. నలభై రోజులకు ఖణఖణమని బేరింగు కొట్టడం మొదలైంది. విప్పితే క్రాంకు అప్పటికే చివరి సైజులో ఉంది. అమ్మినవాళ్లు “ఆ రోజు చూసుకునే కదా తీసుకెళ్లారు” అన్నారు. వాడు పెట్టిన డబ్బంతా పోయింది, బండి మళ్లీ నిలబడింది. అప్పుడు మా చెల్లి ముఖం చూడలేకపోయాను.

అయినా తప్పనిసరి పరిస్థితుల్లో ఇదే దిక్కు అయితే, చల్లగా ఉన్న ఇంజిన్‌ను మన కళ్ల ముందు స్టార్ట్ చేయించండి. బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ఎంతుందో చూడండి. సంపు (కింద ఆయిల్ ఉండే తొట్టి) దించి ఒక్క బేరింగు విప్పి చూపించమనండి. వెనక అచ్చుపడిన సైజు చూస్తే క్రాంకు కథ తెలిసిపోతుంది. చూపించనంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఇంజిన్ నంబరు మీద గీతలు, గ్రైండింగ్ గుర్తులుంటే ముట్టుకోవద్దు. అది దొంగ బండిదైతే స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మనమే.

ఇంజిన్ మారిస్తే ఆర్‌సీ‌లో నంబరు కూడా మారాలి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. బిల్లు లేని ఇంజిన్‌తో ఈ పని నడవదు. ఆర్‌సీ‌లో ఒక నంబరు, బండిలో ఒక నంబరు ఉంటే ఫిట్‌నెస్ దగ్గర ఆగుతుంది. యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు కూడా అడ్డం పడుతుంది. మన బ్లాకు మనకే ఉంటే ఈ టెన్షన్ ఏదీ లేదు.

కంపెనీ రీకండిషన్ ఇంజిన్

టాటా వాళ్లు ప్రోలైఫ్ పేరుతో ఇస్తారు. పాత ఇంజిన్ అప్పగిస్తే రీకండిషన్ చేసినది వారంటీతో వస్తుంది. పని నమ్మకంగా ఉంటుంది, కాగితాలు పక్కాగా ఉంటాయి. నాకు చెప్పిన ధర మాత్రం బోరింగ్‌కు దాదాపు రెట్టింపు. మాది 2011 మోడల్. బేరానికి వచ్చినవాళ్లు మొత్తం బండికే ఆరు లక్షలకు మించి పలకలేదు. అందులో సగానికి పైగా ఇంజిన్ మీదే పెట్టడానికి నా మనసు ఒప్పలేదు. బ్లాకు పగిలి ఉన్నా, క్రాంకు విరిగి ఉన్నా ఇంకోలా ఆలోచించేవాణ్ని. వారంటీ ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు, లేబర్ అందులో కలుస్తుందా అన్నది బిల్లు మీద రాయించుకోవాలి.

ఇక అమ్మేయడం. చాసిస్ తుప్పు పట్టి, క్యాబిన్ కింద రేకు పోయి, గేర్‌బాక్సు కూడా అరుస్తుంటే ఇంజిన్ మీద పైసా పెట్టొద్దు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు, పదిహేనేళ్లు దాటితే ఫీజులు మరీ బరువు. మా బండికి రెండేళ్ల కిందటే క్రౌన్ (వెనక ఇరుసు గేర్ల) పని, క్లచ్ అయిపోయాయి. చాసిస్ గట్టిగా ఉంది. ఇంకో నాలుగేళ్లు తిప్పుతానన్న నమ్మకం ఉంది కాబట్టే ఖర్చుకు దిగాను.

ఎక్కించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడే వేశాం. అవి అయ్యాక ఆయిల్, ఫిల్టరు మార్చి, మేస్త్రీతో బోల్టులన్నీ చూపించాం. మొదటి ట్రిప్పులో పాత అలవాటు కొద్దీ అద్దంలో పొగ కోసం చూస్తూనే ఉన్నాను. రోడ్డు తప్ప ఏమీ కనపడలేదు.

మా రెండో బండి 2018 ది, బీఎస్ 4 (పొగ నియమాల నాలుగో దశ) రకం. దాని సంగతి వేరు. అందులో కామన్ రైలు (ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే ఏర్పాటు), ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), సెన్సార్లు ఉన్నాయి. ఇంజెక్టర్ మారిస్తే దాని కోడు స్కానర్‌తో ఎక్కించాలి. బయట దొరికే ఇంజిన్‌కు వైరింగ్, ఈసీయూ కలవకపోతే బండి షెడ్డులోనే ఉంటుంది. దానికి ఇలాంటి రోజు వస్తే విప్పి చూపించడం వరకు మా మేస్త్రీ దగ్గరే చేయిస్తాను. క్రాంకు గానీ బ్లాకు గానీ పోయిందని తేలితే మాత్రం ఎంత ఖర్చయినా కంపెనీ ఇంజినే వేయిస్తాను.