డ్రిఫ్ట్ కార్ కిట్ కొంటున్నారా? లోపలి కవర్లు చూశాకే డబ్బులివ్వండి

విజయవాడలో ఆర్‌సీ డ్రిఫ్ట్ కార్ (రిమోట్‌తో నడిపే, మలుపుల్లో పక్కకి జారుతూ పోయే బొమ్మ కారు) కిట్ కోసం చూస్తున్నవాళ్లు ముందు ఇది చదవండి. నాకు 11,500 రూపాయలు చేతి చమురు వదిలింది.

మా వాడి పదో తరగతి పరీక్షలు అయ్యాయి. సెలవుల్లో ఇద్దరం కలిసి బిగిద్దామని 1:10 సైజు (అసలు కారులో పదో వంతు) కిట్, వెనక చక్రాలతో నడిచేది, 26,500కి బేరమాడాను. 'సీల్డ్ బాక్స్ అన్నా, ఫుల్ సెట్' అన్నాడు అమ్మేవాడు. బెంజ్ సర్కిల్ దగ్గర కలిశాం. పెట్టె మీద ప్లాస్టిక్ కవరు తళతళలాడుతోంది. బిల్లు అడిగితే జీఎస్టీ అదనం అన్నాడు. వద్దులే అని ఫోన్‌పే కొట్టేశాను. నా తెలివి అక్కడే తెల్లారింది.

ఈ కిట్లలో సామాను ఏ, బీ, సీ అని రాసిన చిన్న కవర్లలో వస్తుంది. మాన్యువల్ కూడా అదే వరుసలో నడుస్తుంది. మా పెట్టెలో గేర్‌బాక్స్ కవరుకి స్టాప్లర్ పిన్నులు కొట్టి ఉన్నాయి. విప్పి చూస్తే గేరు పళ్ల సందుల్లో నల్లబడిన గ్రీజు, దాంట్లో ఎర్ర దుమ్ము. కొత్త గేరైతే పొడిగా ఉండాలి, గ్రీజు మనమే పూసుకోవాలి. మావాడు 'నాన్నా, ఇది ఎవరో ఆడేసిన బండి' అనేశాడు. సగం స్క్రూల తలలు అరిగిపోయి అలెన్ కీ గిర్రున తిరిగిపోతోంది. మాన్యువల్‌లో బేరింగులు అని ఉన్న చోట ప్లాస్టిక్ బుష్‌లు.

బండి అదుపు తప్పి తిరిగిపోకుండా స్టీరింగ్ సరిచేసే గైరో కూడా లేదు. మామూలుగా కిట్‌తో మోటారు, సర్వో (ముందు చక్రాలు తిప్పే చిన్న మోటారు), గైరో రావు, విడిగా కొనుక్కోవాల్సిందే. ఆ మాటకొస్తే అది తప్పు కాదు. కానీ 'ఫుల్ సెట్' అని డబ్బులు తీసుకున్నాడుగా! గైరో లేకుండా ఈ బండి నడిపితే మలుపులో బొంగరమే.

అసలు భయపెట్టింది బ్యాటరీ. రెండు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), పొట్ట ఉబ్బి ఉంది. గవర్నర్‌పేటలో తెలిసిన మెకానిక్ మీటరు పెడితే ఒక సెల్ 3.8 వోల్టులు, రెండోది 2.6. 3 కంటే దిగినదాన్ని, అందులోనూ ఉబ్బినదాన్ని ఛార్జింగ్ పెడితే అంటుకోవచ్చు.

ఫోన్ చేస్తే 'చూసుకునే కదా తీసుకున్నారు' అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబుదామంటే చేతిలో బిల్లు లేదు, స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంది. వారం పోట్లాడితే పెట్టె వెనక్కి తీసుకుని 15,000 ఇచ్చాడు. బ్యాటరీ మాత్రం నేనివ్వలేదు. ఇంకెవరి పిల్లాడో ఛార్జింగ్ పెడతాడని, డాబా మీద ఇసుక బకెట్‌లో పెట్టాను.

నిన్న అదే పెట్టె మళ్లీ అమ్మకానికి కనబడింది. మూత ఎడమ మూల నొక్కుకుపోయి ఉంటుంది, బార్‌కోడ్ పక్కన నీలం సిరా మరక ఉంటుంది. పైన కొత్త ప్లాస్టిక్ కవరు వేశాడు.