నెలవారీ చెకప్‌కి పీహెచ్‌సీనా, తిరుపతి నర్సింగ్‌హోమా?

చంద్రగిరి, పాకాల వైపు పల్లెల్లో కోడలు నెల తప్పిందంటే ఇంట్లో మొదలయ్యే చర్చ ఇదే. ఊళ్లో ప్రభుత్వ నర్సు ఏఎన్‌ఎం దగ్గర చూపిస్తే చాలా, తిరుపతిలో ప్రైవేటు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాలా? "డబ్బు పోతే పోయింది, ప్రైవేటే మేలు" అనే ఇళ్లే ఎక్కువ. నేను మాత్రం ముందు పీహెచ్‌సీ, అంటే ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అంటాను.

ప్రైవేటులో సుఖం లేదని కాదు. స్పెషలిస్టు చూస్తారు, స్కానింగ్ అక్కడే అయిపోతుంది. కానీ వెళ్లిన ప్రతిసారీ ఫీజు, టెస్టులు, బస్సు, తోడుకి ఒక మనిషి, ఆ మనిషికి పోయిన కూలి. అందుకే మూడో నెలలో ఒకసారి, ఐదో నెల స్కానింగ్‌కి ఒకసారి వెళ్లి, మళ్లీ తొమ్మిదో నెలలో కనిపించే వాళ్లున్నారు. మన దగ్గరే కాదు, చాలా పేద దేశాల్లో ఇదే కథ: మొదటి చెకప్‌కి వచ్చినవాళ్లలో ఎందరో చివరిదాకా రారు. దూరం, ఖర్చు, ఇంట్లో పెద్దల అనుమతి అడ్డం పడతాయి.

చివరి నెలలే ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు నాలుగు చెకప్‌లు చాలనేది, 2016లో కనీసం ఎనిమిది అని మార్చింది. మొదటిది 12 వారాల లోపే. ఎనిమిదిలో ఐదు ఆఖరి మూడు నెలల్లోనే. బీపీ ఎక్కువగా పెరిగేది అప్పుడే మరి.

మా పిన్ని కోడలికి ఏడో నెలలో కాళ్లు వాస్తే "కడుపుతో ఉన్నవాళ్లకి మామూలేలే" అన్నారు అందరూ. తల్లీబిడ్డల కార్డులో అంతకుముందు నెల బీపీ 110/70. ఈసారి 150/100. పీహెచ్‌సీ సిస్టర్ కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది, మూత్రంలో స్ట్రిప్ ముంచి ప్రొటీన్ పోతోందని గమనించి, ఆ రోజే తిరుపతి ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రికి పంపింది. పాత అంకె పక్కనే ఉండబట్టి తేడా వెంటనే కంటపడింది.

ఐరన్ మాత్రలూ ఊళ్లోనే ఉచితం. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం. బిడ్డ నల్లగా పుడుతుందని మాత్రలు పారేసేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ మాట నమ్మకండి. మలం నల్లబడడం మామూలే. టీతో మాత్రం వేసుకోకండి.

పీహెచ్‌సీలో లోటు కూడా చెప్పాలి. చాలాచోట్ల స్కానింగ్ ఉండదు, స్పెషలిస్టు ఉండరు. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. జనం ఎక్కువే, అయినా ఆ రోజు వదులుకోవద్దు. ఐదో నెల స్కానింగ్‌కి మాత్రం తిరుపతి వెళ్లాల్సిందే.

కవలలు, షుగర్, పాత సిజేరియన్, ముందు గర్భం పోయిన చరిత్ర ఉంటే నా సలహా మారుతుంది. అలాంటివాళ్లు మొదటి నుంచీ మెటర్నిటీ ఆసుపత్రిలోనో, స్తోమత ఉంటే ప్రైవేటులోనో స్పెషలిస్టుకే చూపించుకోవాలి. తిరుపతి టౌన్‌లో ఉండేవాళ్లకి దూరం బాధ లేదు కాబట్టి, ఖర్చు భరించగలిగితే ప్రైవేటు బాగానే ఉంటుంది.

ఎక్కడ చూపించుకున్నా కార్డు ఒక్కటే ఉంచండి. ప్రైవేటు డాక్టర్ చేత కూడా అందులోనే బీపీ, బరువు రాయించుకోండి. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం కనిపిస్తే చెకప్ తేదీ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.