ఈ-ఆఫీస్: ఏళ్ల తరబడి వాడిన ఉద్యోగి సమీక్ష

ఒక ప్రభుత్వ రంగ సంస్థకు నల్గొండలో ఉన్న కార్యాలయంలో, కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తూ, ఆఫీసు ఫైళ్లను కంప్యూటర్‌లోనే నడిపేందుకు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారుచేసిన ఈ-ఆఫీస్‌ను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. సాఫ్ట్‌వేర్‌గా దానికి పెద్దగా వంక పెట్టలేను. ఫైలు ఎవరి దగ్గరికి ఏ తేదీన, ఎన్ని గంటలకు చేరిందో కనిపిస్తుంది. పసుపు నోట్‌లో ముసాయిదా రాసుకోవచ్చు. అది ఆకుపచ్చ నోట్‌గా ఖరారయ్యాక దిద్దడానికి వీలుండదు. ఫైలు దొరకడం లేదన్న మాట మా ఆఫీసులో వినబడకుండా పోయింది. పని మాత్రం వేగం అందుకోలేదు.

దేవరకొండ యూనిట్ నుంచి పంపు మోటారు బేరింగులు కొనమని ఇండెంట్ (కొనుగోలు కోరే పత్రం) వచ్చిందనుకోండి. గుమాస్తా నోట్ టైపు చేసి, సిస్టమ్‌లో పంపకుండా, ప్రింటు తీసి సూపరింటెండెంట్‌కు చూపిస్తాడు. ఆయన ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితం మేనేజర్ బల్ల మీదికి చేరుతుంది. పక్కన ‘ప్లీజ్ డిస్కస్’ అని రాసి ఉంటే మళ్లీ కిందికి వస్తుంది. అందరూ నోటిమాటగా సరేనన్న తర్వాతే ఫైలు ఈ-ఆఫీస్‌లోకి ఎక్కి, ఒకే పూటలో అందరి సంతకాలూ పూర్తి చేసుకుంటుంది. నెలవారీ నివేదికలో మా విభాగానికి పెండింగే ఉండదు. వారాల తరబడి జరిగిన జాప్యమంతా కాగితం మీదే ఉండిపోయింది కనుక దాన్ని కొలిచే వీలు లేదు.

దీన్ని బద్ధకం అనడం అన్యాయం. నిర్ణయం తీసుకున్నందుకు ఆడిట్ పారా (ఆడిట్ వాళ్ల రాతపూర్వక అభ్యంతరం) వస్తుంది, విజిలెన్స్ సంజాయిషీ అడుగుతుంది, చార్జ్ మెమో (అభియోగ పత్రం) తేలేదాకా రిటైర్మెంట్ డబ్బులు ఆగుతాయి. నిర్ణయం తీసుకోనందుకు ఎవరినైనా నిలదీయడం నేను చూడలేదు. అవినీతి నిరోధక చట్టంలో, దురుద్దేశం లేని నిర్ణయాన్ని కూడా నేరంగా చూడటానికి వీలిచ్చిన 13(1)(డి) క్లాజును 2018 సవరణలో తొలగించారు. చట్టం మారినా, చెరగని నోట్ మీద తన పేరు మొదటగా కనబడకూడదన్న జాగ్రత్త మాలో పోలేదు. పారదర్శకత కోసం పెట్టిన ఆకుపచ్చ నోటే ఆ భయాన్ని పెంచిందని నా అభిప్రాయం.

2020 లాక్‌డౌన్‌లో కాగితం చేతులు మారే వీలు లేక అందరూ సిస్టమ్‌లోనే రాశారు, అక్కడే అభ్యంతరాలు చెప్పుకున్నారు, ఫైళ్లు నిజంగానే కదిలాయి. ఆఫీసులు తెరుచుకోగానే ప్రింట్లు తిరిగొచ్చాయి. తర్వాత వచ్చిన ఒక అధికారి మాత్రం తన సందేహాలను నోట్‌లోనే రాసి, కింది వాళ్ల తరఫున ఆడిట్‌కు తానే జవాబిచ్చేవారు. ఆయన ఉన్నన్నాళ్లు గుమాస్తాలు జంకు లేకుండా ఫైలు పెట్టారు.

సాఫ్ట్‌వేర్‌కు అయిదుకు నాలుగు నక్షత్రాలు, మా వాడకానికి ఒకటిన్నర. ఆ అధికారి మహబూబ్‌నగర్‌కు బదిలీ అయిన కొద్దిరోజులకే మా విభాగం వాళ్లు ప్రింటర్ టోనర్‌కు ఇండెంట్ పెట్టారు. దానికి మాత్రం ఎవరూ ‘ప్లీజ్ డిస్కస్’ అని రాయలేదు.