దేవరకొండ రోడ్డు మీద కమ్మరి కొలిమి: నా గొడ్డలి, ఆ బోర్డు

బత్తాయి తోటలో ఎండు కొమ్మలు కొట్టడానికి పోయినేడు ఒక హార్డ్‌వేర్ షాపులో గొడ్డలి కొన్నాను, రెండు నెలలకే అంచు మడత పడిపోయింది. తీసుకుపోయి చూపిస్తే "మీ వాడకం అట్లుంది" అని పంపించేశారు. మా అమ్మ మాత్రం "కమ్మరోళ్ల దగ్గరికి తీస్కపోరాదు, ఊకె ఎందుకు పరేషాన్ అయితవ్" అన్నది. అట్లా పోయాను దేవరకొండ రోడ్డు మీద ఉన్న ఈ కొలిమికి.

వేపచెట్టు కింద రేకుల షెడ్డు. తోలు తిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది కానీ దాగలి, సమ్మెట, పట్టకారు అన్నీ పాతవే. పెద్దాయన గొడ్డలిని ఎర్రగా కాల్చి, సాగగొట్టి అంచు సరిచేశారు. నేను కళ్లార్పకుండా చూసింది ఆ తర్వాతి పని. మళ్లీ కాల్చి, అంచు మటుకు నీళ్లలో ముంచి తీసి, ఆకురాయితో కొంచెం గీకి మెరిసేలా చేశారు. వెనక మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకుతుంటే ఆ మెరుపు మీద ఎండుగడ్డి రంగు వచ్చింది, అది గోధుమరంగుకు తిరుగుతుండగానే టక్కున నీళ్లలో ముంచేశారు. "ముందు ముంచితే పెళుసు బిడ్డా, ఆగితే మెత్తన" అన్నారు, చూపు మాత్రం అంచు మీదే. నాలుగు నెలలైంది, ఆ గొడ్డలి ఇంకా ఒక్క దెబ్బకే కొమ్మ దించుతోంది. తీసుకున్నది 120 రూపాయలు.

ఇక బోర్డు సంగతి. తెల్ల పెయింటుతో "కమ్మరి కొలిమి" అని రెండే మాటలు. కొడుకేమో దాన్ని తీసేసి ఐరన్ వర్క్స్ అని ఫ్లెక్సీ వేయిద్దామంటున్నాడట. తమ్ముడూ, ఇది చదివితే దయచేసి ఆగు. కమ్మరి అనేది సంస్కృతంలోని కర్మార నుంచి, ప్రాకృతం కమ్మార మీదుగా మనకు వచ్చిన మాట. బెంగాల్‌లో ఇప్పటికీ కామార్ అంటారు. ఋగ్వేదం పదో మండలంలో దేవతల పుట్టుక చెప్పే 72వ సూక్తంలో బ్రహ్మణస్పతి అనే దేవుడు కర్మారుడిలా ఊదాడని ఉంటుంది, అంటే మీ తాత తిత్తి ఊదిన పనే. బుద్ధుడికి ఆఖరి భోజనం పెట్టిన చుందుణ్ణి కూడా పాళీలో కమ్మారపుత్త అన్నారు. కొలిమి మాత్రం మన ద్రావిడ మాటే, కన్నడంలో కులుమె, తమిళంలో కమ్మరిని కొల్లన్ అంటారు, అన్నీ ఒకే వేరు. ఎక్కడి నుంచో నడిచొచ్చిన ఒక మాట, ఇక్కడే పుట్టిన ఒక మాట మీ రేకుల షెడ్డు మీద పక్కపక్కన ఉన్నాయి. ఐరన్ వర్క్స్ అంటే గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేసే షాపు అనుకుంటారు, కొడవలికి కక్కు, అంటే పళ్లు, కొట్టించుకునేవాళ్లు ఆగకుండా పోతారు. మా బడి పిల్లలు కమ్మరికీ కుమ్మరికీ తేడా అడుగుతున్నారు ఇప్పుడు, కుమ్మరి కుంభకార నుంచి వచ్చింది, కుండలు చేసేవాళ్లు అని విడమరిచి చెప్పాల్సి వస్తోంది. ఉన్న ఒక్క బోర్డూ పోతే వాళ్లకు ఏం చూపించాలి?

ఇబ్బందులూ ఉన్నాయి. వరి కోతల ముందు పోతే సగం రోజు కూర్చోవాలి, కరెంటు పోతే బ్లోయర్ ఆగుతుంది, పని కూడా ఆగుతుంది. కామ, అంటే కర్ర పిడి, ఆయన వేయరు, అది వడ్లాయన (వడ్రంగి) పని అంటారు, ఆ మాటలో ఆయన చాలా గట్టి. కాబట్టి కామ చెక్కించుకుని వెంట తెచ్చుకోండి. కొడవలి కక్కుకు 40 తీసుకుంటారు, పొద్దున తొమ్మిదిలోపు పోతే బొగ్గులు అప్పుడే రాజుకుంటుంటాయి, మొదటి పని మీదే అవుతుంది.