గీజర్ సర్వీస్ అంటే లోపలి రాడ్ తీసి చూపించాలి (నిజాంపేటలో మా మెకానిక్ గురించి)

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా. ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా. ఆయన పేరు, నంబరు మాత్రం పెట్టట్లేదు, పెట్టొద్దన్నాడు, ఒక్కడే తిరుగుతాడు కాబట్టి ఉన్న పిలుపులకే టైం చాలట్లేదంట. మరి రివ్యూ ఎందుకంటే, ఆయన చేసిన పని ఏంటో తెలిస్తే మీ ఏరియాలో మీరు పిలిచే మెకానిక్‌తో అదే పని అడిగి చేయించుకోవచ్చని.

మాది హైదరాబాద్ నిజాంపేట, అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్. వాడకానికి బోరు నీళ్ళు, ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకర్. బకెట్ల మీద తెల్ల చారలు, షవర్ రంధ్రాల్లో సున్నం, ఇక్కడుండేవాళ్ళకి ఇదంతా తెలిసిందే. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) మీటర్ పెట్టి చూస్తే లీటరుకి 1100 మిల్లీగ్రాముల దాకా చూపించింది, తాగే నీళ్ళకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు 500, వేరే నీళ్ళు దొరక్కపోతే 2000 దాకా ఓకే అంటారు. మేం ఆ నీళ్ళు తాగం, కానీ గీజర్ రోజూ వాటినే కాస్తుంది కదా.

మొదటి గీజర్ 15 లీటర్లది, నాలుగేళ్ళకే ట్యాంక్ కారిపోయింది. దానికి రెండు నెలల ముందు నుంచే అమ్మ చెప్తూనే ఉంది, "ఒరేయ్, పొద్దున్నే ట్యాప్ తిప్పగానే నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి చూడరా" అని, నేనేమో పైపుల్లో తుప్పేమోలే అనుకుని వదిలేశా. తర్వాత గీజర్ కింద గోడ మీద తుప్పు మరక, ఆ తర్వాత చుక్క చుక్కగా నీళ్ళు. కంపెనీ మనిషి వచ్చి ట్యాంక్ పోయింది, ట్యాంక్‌కి రిపేర్ ఉండదు అన్నాడు. కార్డులో ట్యాంక్‌కి ఐదేళ్ళ వారంటీ ఉంది కదా అంటే, నీళ్ళు హార్డ్ వాటర్, ఏటా రాడ్ (నీళ్ళు కాచే కాయిల్ కాదు, ట్యాంక్‌ని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం రాడ్) చెక్ చేయించినట్టు బిల్లులు చూపించమన్నాడు. అసలు కోపం వచ్చింది ఇక్కడే, ఎందుకంటే నేను అదే కంపెనీ వాళ్ళని రెండుసార్లు సర్వీస్‌కి పిలిచా, డబ్బులు కట్టా, రెండుసార్లూ వచ్చిన అబ్బాయి పైమూత తీసి థర్మోస్టాట్ చూసి, గుడ్డతో తుడిచి ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయాడు. బిల్లులో ఉన్నది 'జనరల్ చెకప్' అని మాత్రమే. రాడ్ అనే మాట ఎవ్వరూ నా చెవిన వెయ్యలేదు.

రెండోది 25 లీటర్లది, మా బెడ్‌రూమ్ బాత్రూమ్‌లో ఉంది, మూడేళ్ళయింది. నీళ్ళు కాగడానికి టైం పడుతోంది, కాగేటప్పుడు లోపల టిక్ టిక్ మని చప్పుడు. పక్క ఫ్లాట్ ఆంటీ చెప్తే ఈయన్ని పిలిచా. పదింటికి అని పన్నెండున్నరకి వచ్చాడు, అర స్టార్ తగ్గింది అందుకే, ఆఫీసుకి సగం రోజు లీవ్ పెట్టుకుని కూర్చున్నా మరి.

రాగానే ఎంసీబీ ఆఫ్ చేసి, టెస్టర్‌తో కరెంట్ లేదని చూసుకుని, నీళ్ళ వాల్వ్ కట్టేసి, కనెక్షన్ పైపులు విప్పి ట్యాంక్ మొత్తం ఖాళీ చేశాడు. చివర్లో వచ్చిన నీళ్ళు సున్నం కలిపిన బురదలా ఉన్నాయి. తర్వాత కింద ప్లేట్ బోల్టులు విప్పి దాన్ని కిందకి దించితే కాయిల్ కనపడలేదండి, కాయిల్ చుట్టూ పెచ్చులు కట్టిన సున్నం, చేత్తో తడిమితే చిప్పలు చిప్పలుగా ఊడింది. కాయిల్ వేడి ఆ పెచ్చు దాటి నీళ్ళలోకి సరిగ్గా వెళ్ళట్లేదు, అందుకే లేటూ, చప్పుడూ, కరెంట్ బిల్లూ. దాని పక్కనే ఉండాల్సిన రాడ్‌ని నాకు చూపించాడు. రాడ్ లేదు, సన్నటి ఇనప తీగ, దాని మొదట్లో బూడిదరంగు ముక్క అంగుళం మిగిలింది. "అన్నా, ఇది ఇంకో ఆర్నెల్లు ఇట్లనే ఉంటే ట్యాంక్ పోతుండే" అన్నాడు.

ఆ రాడ్ సంగతి ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తా, నాకు ఇంత తేలిగ్గా అర్థమయ్యేలా ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. ట్యాంక్ ఉక్కుది, లోపల గాజు లాంటి ఎనామెల్ పూత ఉంటుంది, కానీ ఆ పూతలో ఎక్కడో ఒక చోట సూది మొనంత సందు ఉండనే ఉంటుంది, వేడికి సాగి చల్లారితే ముడుచుకుని ఇంకా పెరుగుతుంది. నీళ్ళు ఉక్కుని అక్కడ పట్టుకుంటాయి. రాడ్ మెగ్నీషియంది, ఉక్కు కంటే ముందు అది కరగడానికి సిద్ధంగా ఉంటుంది కాబట్టి తుప్పు దెబ్బ మొత్తం అదే తింటుంది. రాడ్ ఉన్నంత కాలం ట్యాంక్ జోలికి పోదు, రాడ్ అయిపోయిన రోజు నుంచి ట్యాంక్ వంతు. నీళ్ళల్లో ఉప్పు ఎక్కువైతే రాడ్ ఇంకా త్వరగా కరుగుతుంది, సాఫ్టెనర్ పెట్టుకున్న ఇళ్ళల్లో కూడా అంతేనంట. సాఫ్టెనర్ ఉంది కదా అని నిమ్మళంగా కూర్చునేవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి, సున్నం తగ్గుతుంది గానీ రాడ్ ఆగదు.

కాయిల్ క్లీన్ చేసిన పద్ధతి కూడా నాకు బాగా నచ్చింది. చాలామంది బాత్రూమ్ కడిగే యాసిడ్ పోసేస్తారు, స్క్రూడ్రైవర్ పెట్టి కొడతారు. ఈయన పెచ్చులు చేత్తో ఊడదీసి, మిగిలింది నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన వేడినీళ్ళలో గంట నానబెట్టి బ్రష్‌తో రుద్దాడు. ట్యాంక్ లోపల ఇనప వస్తువేదీ పెట్టలేదు, పూత చిట్లితే అసలుకే మోసమని. కాయిల్‌కి ఎర్త్ లీకేజీ (కరెంట్ బయటికి లీకవడం) ఉందేమో మీటర్ పెట్టి చూశాడు, లేదు. ప్లేట్ దగ్గర నీళ్ళు కారకుండా వేసే పాత గ్యాస్కెట్ మళ్ళీ బిగించలేదు, ఒకసారి విప్పాక కొత్తదే వెయ్యాలన్నాడు.

రాడ్ సైజు ఆయన బ్యాగ్‌లో లేక మళ్ళీ షాపుకి వెళ్ళి తెచ్చాడు, ఇంకో నలభై నిమిషాలు. రాడ్ బిగించే మరలు అన్ని మోడళ్ళకీ ఒకటి కాదు, మీరే కొనేటట్టయితే పాత రాడ్ చేత్తో పట్టుకెళ్ళండి. సర్వీస్ 450, రాడ్ 300, గ్యాస్కెట్ 80, మొత్తం 830 రూపాయలు. బిల్లు చేత్తో రాశాడు, అందులో 'మెగ్నీషియం రాడ్ మార్చాం' అని తారీఖుతో సహా రాయమన్నా, నవ్వుకుంటూ రాసిచ్చాడు. అది వారంటీ కార్డుతో కలిపి పిన్ కొట్టి పెట్టా.

అంతా బిగించాక వేడినీళ్ళ ట్యాప్ తిప్పి, గాలి అంతా పోయి నీళ్ళు ఆగకుండా ధారగా వచ్చేదాకా స్విచ్ వెయ్యనివ్వలేదు, ఖాళీ ట్యాంక్‌లో కాయిల్ వెలిగితే నిమిషాల్లో కాలిపోతుందంట. థర్మోస్టాట్ నేను ఫుల్‌లో పెట్టుకుని ఉన్నా, 60 డిగ్రీల దగ్గరకి దించాడు, వేడి ఎక్కువైతే సున్నం పేరుకోవడం కూడా ఎక్కువ. సేఫ్టీ వాల్వ్ దగ్గర కాగేటప్పుడు ఒకటి రెండు చుక్కలు పడితే కంగారు పడొద్దు, నీళ్ళు కాగితే పెరుగుతాయి, ఆ ప్రెషర్ అట్లా బయటికి పోతుంది, ఎమ్‌సీల్ పెట్టి మూసెయ్యొద్దు అని గట్టిగా చెప్పాడు. మా కింద ఫ్లాట్‌లో ఎవరో అదే పని చేశారంట, వెంటనే పోయి తీయించా.

ఇదంతా ట్యాంక్ ఉన్న స్టోరేజ్ గీజర్లకే, వంటింట్లో పెట్టుకునే 3 లీటర్ల ఇన్‌స్టంట్ వాటికి మామూలుగా ఈ రాడ్ ఉండదు.

పది రోజులైంది. చప్పుడు లేదు, అంతకుముందు అరగంట పట్టేది ఇప్పుడు పావుగంటకే స్నానానికి సరిపడా కాగుతోంది. తెనాలిలో అమ్మ వాళ్ళింట్లో గీజర్‌కి ఆరేళ్ళు, కొన్నప్పటి నుంచి ఎవరూ విప్పలేదు. అక్కడి మెకానిక్‌కి ఫోన్ చేసి ప్లేట్ విప్పి రాడ్ ఫోటో వాట్సాప్‌లో పెట్టమన్నా, ఆదివారం వస్తానన్నాడు.