దానం పంట తోటలో ఇంటర్న్‌గా చేరాలా, శని ఆదివారాలు వాలంటీర్‌గా వెళ్తే సరిపోతుందా? ఏది మేలు?

పండిందంతా, సరుకులు పోగుచేసి లేనివాళ్ళకి పంచే ఫుడ్ బ్యాంకులకీ ఉచితంగా భోజనం పెట్టే చోట్లకీ ఇచ్చేసే కమ్యూనిటీ గార్డెన్లు ఉంటాయి కదా, వాటిల్లో రెండు మూడు నెలలు ఇంటర్న్‌గా ఉండటమా, లేక వీలు దొరికిన శనివారం వెళ్ళి రావడమా అని కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. నేను రెండూ చేశా, మొగ్గు మాత్రం ఇంటర్న్‌షిప్ వైపే, ముందే చెప్పేస్తున్నా.

వాలంటీర్ పని హాయి. పొద్దున వెళ్ళామా, చేతికిచ్చిన పని చేశామా, మధ్యాహ్నానికి ఇంటికొచ్చామా, అంతే. తోటకీ వాళ్ళ అవసరం బాగానే ఉంటుంది, ఇరవై మంది ఒక్కసారి దిగితే కంపోస్ట్ మోయడం, మడులు కట్టడం లాంటివి రెండు గంటల్లో తేలిపోతాయి, అదే పని ఇద్దరు ఇంటర్న్‌లకి వదిలేస్తే వారం పడుతుంది. తంటా ఎక్కడంటే, మీరు నాటిన నారు బతికిందో చచ్చిందో మళ్ళీ వెళ్ళేదాకా తెలీదు, ఈలోపు ఎవరో రోజూ నీళ్ళు పెట్టి బతికించుంటారు, ఆ ఎవరో ఇంటర్నే అయ్యుంటారు.

ఇక నేర్చుకోవడం సంగతి. ముల్లంగి 25-30 రోజుల్లో చేతికొస్తుంది, టమాటా అయితే నారు నాటాక 60 నుంచి 80 రోజులు. అంటే రెండున్నర నెలలుంటే ముల్లంగి రెండుసార్లు వేసి తీయొచ్చు. మొదటిసారి నేను విత్తనాలు ఒత్తుగా చల్లేశా, మొలకలు పీకి పల్చన చేయమంటే మనసొప్పక అలాగే వదిలేశా, తీరా తీసి చూస్తే అన్నీ ఎలుక తోకల్లాంటి వేర్లే, గడ్డ అన్నదే లేదు. ఒక మడి మొత్తం పోయింది, ఇవ్వాల్సిన క్రేటు ఖాళీ. రెండోసారి రెండంగుళాలకి ఒకటి ఉంచి మిగతావన్నీ నిర్దయగా పీకేశా. అప్పుడప్పుడు వెళ్ళేవాళ్ళకి ఇలా తప్పు చేసి దిద్దుకునే ఛాన్స్ దొరకడం కష్టం.

పైగా ఇది ఇంటి పెరటి లెక్క కాదు. మనింట్లో అయితే కోసి అరగంటలో పొయ్యి మీద పెడతాం, ఇక్కడ కోసింది ఇంకొకరి వంటింటికి చేరేసరికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. అందుకే ఆకుకూరలు తెల్లారగానే కోయాలి, ఎండెక్కాక కోస్తే దారిలోనే వడిలిపోతాయి, కోసిన వెంటనే చల్లటి నీళ్ళలో ముంచి నీళ్ళు ఓడ్చి నీడన పెట్టాలి. టమాటా రంగు తిరుగుతుండగానే కోసేస్తే చాలు, బయటే పండుతుంది, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. తర్వాత తూకం, రిజిస్టర్. ఇక్కడో తిరకాసుంది: గుమ్మడికాయలు నాలుగు పెడితే కాటా ఘనంగా చూపిస్తుంది, పాలకూర క్రేటు నిండా పెట్టినా అంకె కదలదు, కానీ తొందరగా పాడయ్యే తాజా ఆకుకూర దొరకడమే అవతలివాళ్ళకి కష్టం. అంకె కోసం పంట ఎంచుకోకూడదని నాకు తెలిసింది ఆ కాటా దగ్గరే.

డబ్బు విషయం కూడా చూసుకోవాలి. స్టైపెండ్ లేకుండా రోజంతా ఎండలో పని అంటే, ఇంటికి నాలుగు రాళ్ళు తేవాల్సిన పిల్లలకి కుదరదు, వాళ్ళు మొహమాటపడకుండా శనివారాలే ఎంచుకోవచ్చు. కొన్నిచోట్ల స్టైపెండ్ ఇవ్వలేక కాదు, ఆ ఆలోచనే ఉండదు. అమెరికాలో మసాచుసెట్స్‌లో 1991లో మొదలైన ద ఫుడ్ ప్రాజెక్ట్ అనే సంస్థ టీనేజర్లకి డబ్బులిచ్చి పొలం పని చేయిస్తుంది, పంటలో కొంత ఆకలి తీర్చే సంస్థలకి పంపిస్తుంది.

రెండూ కుదరనివాళ్ళకి మూడో దారి ఉంది, ఇంట్లో కాస్త మట్టి ఉంటే చాలు. 1995లో అలాస్కాలో జెఫ్ లోవెన్‌ఫెల్స్ అనే తోటపని కాలమిస్టు ఆకలితో ఉన్నవాళ్ళ కోసం ఒక వరస అదనంగా వేయండని పాఠకుల్ని అడిగాడు, అదే తర్వాత ప్లాంట్ ఎ రో అనే ప్రోగ్రామ్ అయింది. నేర్పేవాళ్ళు ఉండరు, అంతే తేడా.

చేరేముందు ఒకటే అడగండి, నీళ్ళు, కోత, తూకం ఇంటర్న్‌ల చేతికిస్తారా అని. ఇస్తామంటే కళ్ళు మూసుకుని చేరిపోండి. కలుపు తీయడం, ఫొటోలకి నిలబడటం, చివర్లో సర్టిఫికెట్ అంటే మాత్రం శనివారం వెళ్ళి రండి, ఆ కలుపు అప్పుడూ తీయొచ్చు.