దురదకీ ఎరుపుకీ ఒకే చుక్క: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

నాఫజోలిన్, ఫెనిరమైన్ కలిపిన ఎలర్జీ కంటి చుక్కల గురించి ఇది. కంపెనీ ఏదైనా లోపలి మందు దాదాపు అదే కాబట్టి పేర్ల జోలికి వెళ్లను. నాకు డస్ట్ ఎలర్జీ, అందరికీ తుమ్ములతో మొదలైతే నాకు కళ్లతో మొదలవుతుంది, అందుకని ఈ మందుతో సావాసం ఏళ్ల నాటిది. దీని మీద ఇష్టమూ ఉంది, కోపమూ ఉంది. ఇప్పుడు కోపమే ఎక్కువ, ఎందుకో చెబుతాను.

ముందు ఇష్టం సంగతి. పాత పుస్తకాల అలమర దులిపానంటే చాలు, ముక్కు పక్కన కంటి మూలలో మొదలవుతుంది దురద. నలపకూడదని తెలిసినా చెయ్యి ఆగదు, నలిపేకొద్దీ కంటి పొరలోంచి హిస్టమిన్ అనే రసాయనం ఇంకా ఊరుతుంది, అది ఇంకా దురద పెడుతుంది. అలాంటప్పుడు ఈ చుక్క పడితే ముందు కాస్త చురుక్కుమంటుంది, ఆ వెంటనే చల్లగా ఉంటుంది, నిమిషం గడిచేసరికి ప్రాణం లేచొస్తుంది. అద్దం ముందు నిలబడి చూస్తే తెల్లగుడ్డు మీద అల్లుకున్న ఎర్రటి నరాలు ఒక్కొక్కటే సన్నబడి మాయమవడం కళ్లారా కనిపిస్తుంది. నలుగురి ముందుకు వెళ్లాల్సిన రోజున ఇంతకన్నా ఏం కావాలి అనిపించేది.

ఇక కోపం. ఒకే సీసాలో రెండు మందులు పెట్టారు, ఆ రెండిటి పనీ వేరు, ఓపికా వేరు. ఫెనిరమైన్ యాంటీహిస్టమిన్, దురద సంగతి అది చూసుకుంటుంది. నాఫజోలిన్ కంటి మీది రక్తనాళాల్ని బిగించి ఎరుపు తగ్గిస్తుంది. ఎలర్జీ చూస్తే వారాల తరబడి వదలదు, నాఫజోలిన్ చూస్తే వారాల తరబడి వాడే మందు కాదు. దురద మందు ఒక్కటే వేసుకుందామంటే కుదరదు, వేసిన ప్రతిసారీ రెండోది కూడా కంట్లో పడుతుంది. నా గొడవంతా దీని గురించే.

పెట్టె మీద ఉండేదేమిటంటే, కంటికి ఒకటో రెండో చుక్కలు, రోజుకు 4 సార్లకు మించకూడదు, ఎరుపు 72 గంటలు దాటినా తగ్గకపోతే ఆపేసి డాక్టర్‌ను కలవాలి. బాగానే ఉంది. మరి మూడు రోజులు వేసి ఆపాక మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చు? ఏటా నెలల తరబడి ఎలర్జీ ఉండేవాళ్ల పరిస్థితి ఏమిటి? నేను చూసిన ఏ పెట్టె మీదా ఆ మాట లేదు.

క్రితం సీజన్‌లో మా ఇంటి పక్కన కట్టడం పని మొదలైంది. కిటికీలు మూసినా సిమెంటు దుమ్ము ఎలాగోలా లోపలికొచ్చేది. గడువు దాటకుండా వేసుకోవడం, కాస్త ఆపడం, దురద భరించలేక మళ్లీ మొదలుపెట్టడం, ఇలా సాగింది. మొదట్లో ఒక చుక్కకి సగం రోజు హాయిగా గడిచేది. పోనుపోను గంటా రెండు గంటలకే కళ్లు మళ్లీ ఎర్రబడటం మొదలైంది. తర్వాత తర్వాత పొద్దున లేస్తూనే ఎర్రగా ఉండేవి. విచిత్రం ఏమిటంటే అప్పుడు దురద లేదు, నీళ్లు కారడం లేదు, రెప్పలు ఉబ్బడం లేదు, ఉత్త ఎరుపు, దాంతో పాటు ఇసుక పడ్డట్టు ఒక గరగర. పుసి లేదు కాబట్టి కంటి కలక కూడా కాదనుకున్నాను. ఇదేదో ఎలర్జీ ముదిరినట్టుందని ఒకటే టెన్షన్.

డాక్టర్ పైరెప్ప తిప్పి చూశారు, మిషన్ ముందు గడ్డం ఆనించమని లైటు వేసి చూశారు, తర్వాత అడిగిన మొదటి ప్రశ్న "ఏం చుక్కలు వేస్తున్నారు, సీసా తెచ్చారా?" అని. సీసా వెనక చిన్న అక్షరాలు చదివి, "ఈ ఎరుపు ఎలర్జీ వల్ల కాదండీ, ఈ చుక్కల వల్లే" అన్నారు. మందు బిగించి ఉంచినంతసేపు నాళాలు సన్నగా ఉంటాయి, దాని పని అయిపోగానే ముందుకన్నా ఎక్కువగా ఉబ్బుతాయి, అది చూసి మళ్లీ చుక్క వేస్తాం, వేసేకొద్దీ మందు పట్టు తగ్గుతుంది. ముక్కు దిబ్బడ స్ప్రేలు ఎక్కువ రోజులు వాడితే ముక్కు ఇంకా బిగుసుకుపోయేది కూడా ఇలాగేనట. పైగా చాలా సీసాల్లో మందు పాడవకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ ఉంటుంది, అది పదే పదే పడితే కంటి పైపొర చికాకు పడి పొడిబారుతుందని చెప్పారు. నాకు గరగర ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది.

ఆపేయమన్నారు, ఆపితే మొదట్లో ఇంకా ఎర్రబడతాయి, ఓర్చుకోవాలని కూడా ముందే చెప్పారు. ఆ ముందుమాట లేకపోతే నేను మళ్లీ సీసా పట్టేవాణ్ణే. ఎదురైన ప్రతివాళ్లూ "నిద్రపోలేదా, ఏడ్చావా" అని అడుగుతుంటే చేతిలో నిమిషంలో తెల్లబరిచే మందు పెట్టుకుని వేసుకోకుండా ఉండటం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ కళ్ల మీద వేసుకోవడం, ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, ఇవే ఆధారం. వారం దాటాక గానీ తెల్లగుడ్డు తెల్లగా కనిపించలేదు.

ఆ తర్వాత ఒలోపటడిన్‌కి మార్చారు. ఇది కూడా యాంటీహిస్టమినే, కాకపోతే హిస్టమిన్ వదిలే కణాల్ని కూడా అదుపులో పెడుతుంది, నాళాల్ని బిగించే మందు ఇందులో లేదు. 0.1 శాతం అయితే రోజుకు రెండుసార్లు, 0.2 శాతం అయితే ఒక్కసారి. కెటోటిఫెన్ కూడా ఈ కోవలోదే. సీజనంతా వాడగల మందు ఒకటి ఉందని అన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు, అన్నీ ఒకే అరలో "ఎలర్జీకి" అని ఉంటే మామూలు మనిషికి తేడా ఎలా తెలుస్తుంది? దీనికీ లోటు లేకపోలేదు, ఎరుపును మాయ చేసినట్టు తీసెయ్యదు, నిదానంగా పని చేస్తుంది.

పైన నిమిషంలో ప్రాణం లేచొస్తుందన్నాను కదా, ఇప్పుడు ఆలోచిస్తే ఆ నిమిషంలో తగ్గేది ఎక్కువగా ఎరుపే. దురద పోవడానికి ఇంకాసేపు పట్టేది, తెల్లబడ్డ కళ్లు చూసుకున్న సంతోషంలో అది కూడా పోయిందనిపించేది. చల్లదనం మాటకొస్తే, ఉత్త కన్నీటి చుక్కల్ని ఫ్రిజ్‌లో పెట్టి వేసుకున్నా ఆ హాయిలో సగం వస్తోంది.

ఇంకో సంగతి. ఒకరోజు నాన్న "ఒరేయ్, నీ చుక్కలేవో నాకూ రెండు వెయ్యరా, కళ్లు మండుతున్నాయి" అన్నారు. వెయ్యలేదు. ఆయనకి బీపీ ఉంది, ప్రోస్టేట్ పెరిగి మూత్రం ఇబ్బంది ఉంది. గుండె జబ్బు, బీపీ, ప్రోస్టేట్, కోణం ఇరుకైన గ్లకోమా (కంటి లోపలి నీరు బయటికి పోయే మూల ఇరుకై ఒత్తిడి పెరిగే జబ్బు), వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌ను అడగకుండా ఈ చుక్కలు ముట్టుకోకూడదు. ఈ మందుతో కంటిపాప కాస్త పెద్దదవుతుంది, కోణం ఇరుగ్గా ఉన్న కంట్లో అలా జరిగితే లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుని ఒత్తిడి ఒక్కసారిగా పెరగొచ్చు. తమ కన్ను అలాంటిదని చాలామందికి పరీక్ష చేయించుకునేదాకా తెలియదు. ఆయన విసుక్కున్నా తీసుకెళ్లి చూపిస్తే, తేలింది ఎలర్జీ కాదు, కళ్లు పొడిబారడం. యాంటీహిస్టమిన్ పడితే ఇంకా ఎండిపోయేవి.

పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది మాత్రం తప్పకుండా చదవండి. ఈ నాఫజోలిన్ రకం మందు ఒకటి రెండు మిల్లీలీటర్లు మింగినా చిన్నపిల్లలకు ప్రమాదం, మగత కమ్మడం, గుండె వేగం పడిపోవడం, ఊపిరి మందగించడం దాకా పోవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. మా అక్క కొడుకు నడక నేర్చినప్పటి నుంచి నా సీసా డ్రాయర్‌లోంచి అలమర పై అరకి చేరింది.

వేసుకునే పద్ధతి అందరికీ తెలిసిందే, రెండు మాటలు చాలు. ఒక్క చుక్క సరిపోతుంది, రెండోది చెంప మీదికే కారుతుంది. వేశాక కళ్లు మూసి ముక్కు పక్కన మూలని వేలితో నిమిషం పాటు నొక్కితే మందు గొంతులోకి దిగదు, ఆ చేదూ ఉండదు. లెన్సులు తీసి వేసుకోవాలి, మళ్లీ పెట్టడానికి పావుగంటైనా ఆగాలి.

"ఎలర్జీ చుక్కలు" అని అడిగితే చేతికొచ్చేవన్నీ ఈ కాంబినేషన్ కావు. పేరు చివర "సోన్" అనో "లోన్" అనో కనిపిస్తే, డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటివి, అది చాలావరకు స్టెరాయిడే. బ్రహ్మాండంగా పని చేసినట్టు ఉంటుంది, డాక్టర్ చూడకుండా వాడుతూ పోతే కంటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినొచ్చు. దాంతో పోలిస్తే నా కోపం తెప్పించిన చుక్క చాలా నయం.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను, చిన్న సీసా. నాకు బీపీ లేదు, గ్లకోమా లేదని పరీక్ష చేసి చెప్పారు, ఇప్పుడు రోజువారీ ఎలర్జీని ఒలోపటడిన్ చూసుకుంటోంది కాబట్టి ఎప్పుడో ఒక రోజు దుమ్ములో దొరికిపోయినప్పుడు ఇది ఒకటి రెండు పూటలు వాడి వదిలేస్తున్నాను, అంతవరకు మంచి మందే. నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, పుసి కడుతున్నా ఇది తీయను, సరాసరి డాక్టర్ దగ్గరికే. మీకు ఎలర్జీ వారాల తరబడి ఉంటుందంటే మాత్రం దీన్ని కొనేముందు డాక్టర్‌ని అడగండి, నాళాల్ని బిగించే మందు లేనిది ఇమ్మని.